ఎర్ర రంగు కింద

నెవాడాలో, రూబీ కొండల వెనక వాలు దిగుతుంటే
ట్రైలరు నన్ను ముందుకి తోసింది.
గట్టిగా కాదు. మా వాంకాయో సంత రద్దీలో
వీపు మీద ఎవరిదో చెయ్యి ఆనినట్టు, అంతే.
లోపల నలభై రెండు గొర్రెలు, మూడు పొట్టేళ్ళు.
ఒక్కటీ అరవలేదు. అందుకే భయమేసింది.

కంట్రోలర్ మీట బొటనవేలితో పూర్తిగా నొక్కాను.
అంకె పది చూపిస్తోంది. పదికి పైన ఏమీ లేదు.
పికప్పు ఒక్కటే ఆగుతోంది అందరి కోసం.
కాలిన వాసన కిటికీలోంచి వచ్చి
మా ఇద్దరి మధ్య సీట్లో కూర్చుంది.

"రెండో గేరు," అంది గ్రాసియానా ఎచెవెర్రి,
అల్లికలోంచి తలెత్తకుండా.
డెబ్బై నాలుగేళ్ళు. మందంతా ఆమెది.
నేను ఎలాదియోని, మూడేళ్ళ ఒప్పందం కాపరిని.

రోడ్డు పక్క గులకరాళ్ళ జాగాలో ఆపాం.
ముందు చక్రాలకి రాళ్ళు పెట్టాం. తర్వాతే మాటలు.

బ్రేకు షూలు అరిగాయేమో అన్నాను.
"ఏప్రిల్లో నేనే బిగించా. పళ్ళచక్రం పన్నెండు టిక్కులు."
గ్రీజు కారిందేమో అన్నాను.
"ఒక చక్రానికి కారుతుంది. నాలుగింటికీ ఒక్కసారే కారదు.
నలుగురూ ఒకే రోజు పనికి రాలేదంటే
జబ్బు వాళ్ళకి కాదు, దారికి."

నా మెళ్ళో దిక్సూచి అడిగి తీసుకుంది.
డ్రమ్ము పక్కన పట్టుకుని "నొక్కు" అంది.
లోపలి అయస్కాంతానికి కరెంటు అందితే
సూది ఉత్తరాన్ని వదిలేసి చక్రం వైపు తిరగాలి.
తిరిగింది.
ముసలి కుక్కని పేరు పెట్టి పిలిస్తే
ఒక చెవి కదిపినంత.

మీటరు తీసింది. ప్లగ్గు దగ్గర పన్నెండు వోల్టులు.
ఇరుసు దగ్గర ఏడున్నర.
"మిగతావి ఎవరు తిన్నారు?"
మందలో లెక్క తగ్గినప్పుడు నన్నడిగే గొంతే.

మళ్ళీ మీట నొక్కాను. వెనక ఎర్రదీపాలు
కాస్త కునికాయి.
అది చూసి నవ్వింది, ఎప్పుడూ నవ్వని మనిషి.
"పోయే తీగ బాగానే ఉంది అబ్బాయీ.
తిరిగొచ్చేదే లేదు."

ట్రైలరు ముక్కు కింద వెల్లకిలా దూరింది.
తెల్లతీగని చట్రానికి బిగించిన బోల్టు.
చుట్టూ నిగనిగలాడే ఎర్ర రంగు.
బోల్టు కిందా అదే. తీగ చివరి ఉంగరం కిందా అదే.

వేసింది నేనే.
ఎవరూ చెప్పలేదు. వసంతంలో, తుప్పు చూడలేక,
బోల్టులన్నీ ఊడదీసి రెండు పూతలు వేసి
ఆరాక మళ్ళీ బిగించాను.
ఆ రోజు ఆమె చుట్టూ తిరిగి చూసి "బాగుంది" అంది.
ఆ ఒక్క మాట మీద వారం బతికాను.
రంగు కరెంటుని దాటనివ్వదని
డబ్బా మీద ఎవరూ రాయలేదు.
హిచ్చు బంతికి పూసిన గ్రీజులో
ఎక్కడో ఇనుము ఇనుముకి తగిలిన చోట
ఇన్ని నెలలూ కుంటుకుంటూ ఇల్లు చేరుతోంది అది.

తిడుతుందనుకున్నాను.
ఆకురాయి నా చేతిలో పెట్టి పక్కకి జరిగింది.
నాణెమంత మేర గీకాను. రంగు పొట్టు
కళ్ళల్లో పడింది, రెప్ప వెయ్యకుండా గీకాను.
కింద ఇనుము, అప్పుడే నీళ్ళలోంచి తీసిన చేప వీపులా.

ఈసారి సూది ఉలిక్కిపడింది.

చదునులో ఇరవై మైళ్ళ వేగం మీద
పాదం తీసేసి మీట ఒక్కటే నొక్కాను.
ట్రైలరు మమ్మల్ని కాలరు పట్టుకుని ఆపింది.
నూట ఎనభై కాళ్ళు ఒక్కసారి ముందుకి జారాయి,
అప్పుడు అరిచాయి, అన్నీ కలిసి,
నా ఏడు తరాలనీ తలుచుకుంటూ.
"పది వద్దు," అంది. "ఆరుకి తగ్గించు."

చాలా దూరం పోయాక అడిగాను:
గీకిన చోట మళ్ళీ తుప్పు పడుతుంది కదా?

"పడుతుంది," అంది, కుట్లు లెక్కపెట్టుకుంటూ.
"రంగు వెయ్యి.
బోల్టు బిగించాక."